మండపంలో లెక్కల పాఠం: ఒక విద్యార్థి బృందం ప్రణాళిక

మిరప కోతల కాలం వచ్చిందంటే ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో తాళాలు పడతాయి. కూలి కుటుంబాలు సుగ్గికని, అంటే కోత పనుల వలసకని, గుంటూరు వైపు తరలిపోతాయి. వెంట వెళ్లిన పిల్లలు తిరిగొచ్చేసరికి తరగతి చాలా ముందుకు సాగిపోయి ఉంటుంది. ఆ పిల్లల్ని మళ్లీ పాఠంలో కలపడమే తమ దైవసేవ అని ఇక్కడి డిగ్రీ విద్యార్థుల బృందం ఈ ప్రణాళికలో ప్రకటిస్తోంది.

నేర్చుకున్నవారే మరొకరికి చెప్పే వీరి పద్ధతి ఈ నేలకు పాతదే. వీధిబడిలో పెద్ద పిల్లలు చిన్నవాళ్లచేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకున్న ఆండ్రూ బెల్ ఆ పద్ధతిని గమనించి, తన బడిలో అమలుచేసి, 1797లో ఇంగ్లండులో పుస్తకంగా ప్రచురించాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ కూడా తన నివేదికలో దీన్ని మెచ్చుకున్నాడు. అప్పట్లో ఆదోని ఆ జిల్లాలోనిదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఇటు వచ్చింది.

ఈ బృందం పాఠాలకు ఫీజు లేదు. గురుదక్షిణ పేరుతో కొబ్బరికాయ కూడా పుచ్చుకోరు. పాఠం చెబుతూ ఫొటోలు దిగరు.

గీత చెప్పిన నిష్కామ కర్మకూ, 1897లో రామకృష్ణ మిషన్‌ను స్థాపించిన వివేకానందుడు బోధించిన శివభావంతో జీవసేవకూ ఇంతకంటే దగ్గరి దారి ఈ బృందానికి తెలియదు. అయితే ఆ భక్తి చెప్పేవారిది. నేర్చుకునేవారి మీద దాన్ని రుద్దకూడదు. పాఠం జరిగే ఆంజనేయస్వామి మండపంలోకి రావడానికి ముస్లిం పిల్లవాడు సంకోచిస్తే, పాఠమే వేపచెట్టు కిందకు కదలాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఇక పాఠం చెప్పే తీరుకు లెక్కల నుంచి ఒక ఉదాహరణ: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే చాలామంది పిల్లలు నాలుగో వంతే అంటారు. మూడు కంటే నాలుగు పెద్దది కదా! అక్కడ సూత్రం వల్లెవేయించి లాభం లేదు. ఒకే కొలత జొన్నరొట్టెలు రెండు తెచ్చి, ఒకదాన్ని మూడు ముక్కలు, రెండోదాన్ని నాలుగు ముక్కలు చేసి, పిల్లవాడినే ఏరుకోమనాలి. మూడింటి ముక్క చేతికి తీసుకున్నాకే పలక ముట్టుకోవాలి. తానూ ఈమధ్యే అదే తప్పు చేసి దిద్దుకున్న తొమ్మిదో తరగతి పిల్ల దీన్ని చక్కగా చెప్పగలదు. అందుకే నేర్చుకున్న ప్రతి ఒక్కరూ మరొకరికి చెప్పాలన్నది ఇక్కడి కట్టుబాటు.

బడి పంతులుకు వీరు పోటీ కాదు. పాఠం తెలియకపోతే తెలియదని చెప్పి, పంతులును అడిగి మర్నాడు చెబుతారు. ఆడపిల్లల్ని చీకటి పడకముందే ఇంటిదాకా దిగబెడతారు.

ఉగాదికల్లా ఊళ్లు మళ్లీ నిండుతాయి. ఆలోగా ప్రతి సభ్యుడూ తన వీధి నుంచి సుగ్గికి వెళ్లిన పిల్లల పేర్లు, ఎవరు ఏ పాఠం దగ్గర ఆగారో నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలి.