విశాఖకొక తెలుగు వక్తృత్వ సమాజము

విశాఖపట్టణమున సభలకు కొఱత లేదు. ద్వారకానగరమందలి పౌర గ్రంథాలయములో గాని, కళాభారతిలో గాని ఏదో యొక సన్మానమో, సంస్మరణమో, గ్రంథావిష్కరణమో తఱచుగా జరుగుచునే యుండును. అయినను ఆ సభలను గమనించినవారికి ఒక విషయము తోచకపోదు. వేదిక నెక్కువారు ఎప్పుడును ఆ కొందఱే. క్రింద కూర్చుండువారు ఎప్పుడును శ్రోతలే. సామాన్య పౌరుడు లేచి నిలిచి, తన పక్షమును ఐదు నిమిషములలో తెలుగున చెప్పి, ఎదుటివారి యాక్షేపణకు కోపము లేక బదులు చెప్పుట నేర్చుకొను తావులు మిక్కిలి యరుదు. అట్టి యభ్యాసమునకై ఈ పట్టణమున తెలుగు వక్తృత్వ సమాజమొకటి వెలయవలెనని మేము కోరుచున్నాము.

మంత్రములకు చింతకాయలు రాలునా, ఉపన్యాసములకు పనులగునా యని కొందఱు పరిహసింపవచ్చును. ఏ యూరివారైనను ఈ మాట అనవచ్చును గాని విశాఖవారు అనరాదు. ఈ యూరి ఉక్కు కర్మాగారము మాటవలనను, ఆ మాట వెనుక నిలిచిన త్యాగమువలనను వచ్చినది. సముద్రతీరమున ఉక్కు కర్మాగారము నెలకొల్పుటకు విశాఖయే మిక్కిలి యనువైన స్థలమని 1965లో బ్రిటిషు, అమెరికా నిపుణుల సంఘము నివేదించెను. కార్యము జాగగుచుండగా 1966 అక్టోబరులో టి. అమృతరావుగారు ఇచట నిరాహారదీక్ష పూనిరి. తెన్నేటి విశ్వనాథముగారు మున్నగు పెద్దలు ఉద్యమమునకు సారథులైరి. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిలులో ప్రధాని ఇందిరాగాంధిగారు పార్లమెంటున కర్మాగారమును ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన గావించిరి.

‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అను నినాదము నేటికిని చిన్నపిల్లల నోటనున్నది. ఆ నినాదమునకు వెన్నెముకయై నిలిచిన వాదము మాత్రము మఱుగుపడినది. 1933లో తెఱవబడిన రేవు ఇచట సిద్ధముగ నుండుటయు, నిపుణులు స్థలములను పోల్చి చూచి విశాఖనే యెన్నుకొనుటయు ఆ వాదమునకు ఆధారములు. నినాదము జనమును కూర్చును. వారిని కాదనువానిని ఒప్పించుటకు ఆధారము వలయును. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘము కర్మాగారమందలి ప్రభుత్వపు వాటాను పూర్తిగా వదలుకొనుటకు సూత్రప్రాయముగ సమ్మతించినప్పుడు పాత నినాదము మరల వీథులలో మ్రోగినది. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల సాయమును మంజూరు చేసెను. ఆ సాయము చాలునా? సొంత ఇనుప గనులు లేని కర్మాగారము, గనులున్న కర్మాగారములతో ఎట్లు పోటీపడగలదు? ఈ ప్రశ్నలను టీకొట్టునొద్ద వాదించువారు గాజువాకలో వేలకొలది యుందురు. అంకెలతో, క్రమము తప్పక, ప్రతిపక్షపువాని ముందు నిలిచి చెప్పగలవారిని లెక్కించుటకు చేతివ్రేళ్లు చాలునేమో!

ఇంకొక సంగతి గలదు. 2006 సెప్టెంబరు 14న కేంద్రప్రభుత్వము వెలువరించిన పర్యావరణ ప్రకటన ననుసరించి, పెద్ద పరిశ్రమలలో పెక్కింటికి అనుమతి నిచ్చుటకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. ముప్పది దినములకు తక్కువ కాకుండ ముందుగా తెలియజేయవలెను. కలెక్టరు గాని, తగిన హోదాగల ఆయన ప్రతినిధి గాని సభకు పెద్దగా నుండవలెను. వచ్చినవారిలో ప్రతివానికిని ప్రశ్నించుటకు అవకాశమీయవలెను. వెలిబుచ్చిన యభిప్రాయములను వ్రాసికొని, సభాంతమున స్థానికభాషలో వివరించుచు చదివి వినిపింపవలెను. రేవును, ఉక్కును, మందుల ఫ్యాక్టరీలును గల విశాఖ ప్రాంతమునకు ఈ సభలు ఎంతటివో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్టి సభకు వచ్చిన మత్స్యకారుడు గుండెమంటతో కేకవేసినచో, వ్రాయువాని కలమునకు పట్టు దొరకదు. వల ఎచట వేయుచుండెనో, చేప ఎన్నాళ్లనుండి తగ్గినదో, పడవ ఎంతదూరము పోవలసివచ్చుచున్నదో అతడు వరుసగా చెప్పినచో అదియే యాక్షేపణగ కాగితమున కెక్కును. కష్టము రెండు తావులను ఒక్కటియే. చెప్పిన తీరునుబట్టి ఒకటి రికార్డున నిలుచును, ఒకటి గాలికి పోవును. చట్టము నోరిచ్చినను ఆ నోటికి అభ్యాసము లేకున్న లాభమేమి? వక్తృత్వము ప్లీడర్లకును, పార్టీ నాయకులకును మాత్రమే కావలసిన విద్య యను భ్రమను విడిచిపెట్టవలెను.

ఇక భాష విషయము. 1907 వేసవిలో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున సంచరించి విశాఖలోను, కాకినాడలోను, రాజమహేంద్రవరమునను, బందరునను స్వదేశీ వ్రతమును బోధించిరి. ఆ మహావక్త మాటలాడినది ఇంగ్లీషున. రాజమహేంద్రవరమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ యుపన్యాసములను అప్పటికప్పుడు తెలుగు చేసిరి. చూపు మందగించిన ఆ కవిగారి నోట తెలుగైన పిమ్మటనే వందేమాతరోద్యమము ఇంగ్లీషు చదువనివారి చెవికి సోకినది. వంగదేశపు గంగ ఎంత పొంగినను, పంటకాలువ త్రవ్వువాడు ఉన్నప్పుడే మన చేను తడియును.

నేడు ఆ కాలువ పూడిపోవుచున్నది. ఇంగ్లీషు మాటలాడుట నేర్పెదమను కోచింగు సెంటర్లు వీథివీథిని వెలసినవి. ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెను, మేము కాదనము. కాని ఆ బడిలో నేర్చి వచ్చిన యువకుని, తన వార్డులోని మురుగుకాలువను గూర్చి ఐదు నిమిషములు తెలుగున చెప్పుమనిన తడబడును. అతడు కంపెనీవారి యెదుట మాటలాడుటకు సిద్ధమైనాడు గాని, తన యూరివారి యెదుట మాటలాడుటకు సిద్ధము కాలేదు.

పద్ధతి ఎచటిదైనను మంచిదైన గ్రహింపవలసినదే. 1924 అక్టోబరు 22న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాంటా అనా పట్టణపు వై.ఎం.సి.ఎ. భవనమందలి నేలమాళిగలో రాల్ఫ్ స్మెడ్లీ యను నతడు ‘టోస్ట్‌మాస్టర్స్’ అను సమాజమును ప్రారంభించెను. నేడు దాని శాఖలు ప్రపంచమంతట వ్యాపించినవి. మన పట్టణమునను గలవు. అందు గొప్ప రహస్యమేమియు లేదు. ఒకరు ముందు సిద్ధపడి ఐదాఱు నిమిషములు ప్రసంగింతురు. మఱికొందఱు అప్పటికప్పుడు ఇచ్చిన విషయముపై ఒకటి రెండు నిమిషములు మాటలాడుదురు. ఆ పిమ్మట ప్రతి ప్రసంగములోని గుణదోషములను ఒక సభ్యుడు మర్యాదగా ఎత్తిచూపును. కాలము మీఱకుండ పచ్చ, పసుపు, ఎఱుపు దీపములు హెచ్చరించును. మన దేశమున ఈ శాఖల కార్యక్రమము చాలవఱకు ఇంగ్లీషుననే సాగుచున్నది. ఆ క్రమశిక్షణను మనము గైకొని, అందు తెలుగును ప్రతిష్ఠింపవలెను.

సమాజమున సానబెట్టబడిన వాక్కు ఎట్టిదో విశాఖ యెఱుగును. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జి యూనియనను వాద సమాజమున ఎన్నిక గాంచినవారు. ఆయన ఇంగ్లీషున ఎంతటి వక్తయో తెలుగున నంతటి వక్త. అట్టి ధార పుట్టుకతో వచ్చినదని మనము చేతులు జోడించి ఊరకుందుము. కాదనువాడు ఎదుట కూర్చుండగా మాటలాడి మాటలాడి సంపాదించిన పదును అందెంత గలదో ఆలోచింపము.

వ్రాతలో పాత మర్యాదను పట్టుకొన్న మేమును, వేదికపై వాడుకభాషయే తగునని నిస్సంశయముగ చెప్పుచున్నాము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగ ఏటేట జరుపుకొందుము. ఆయన నేర్పిన పాఠమును మాత్రము సభాద్వారమున విడిచి లోనికి పోవుదుము. ఉత్తరాంధ్రపు యాసను సినిమాలు నవ్వులకు వాడుకొనుటచే, ఈ ప్రాంతపు బిడ్డ నలుగురిలో నోరు విప్పుటకు సిగ్గుపడుచున్నాడు. నూతన సమాజమున ఎవరి యాసను ఎవరును దిద్దరాదు. తర్కము తప్పిన దిద్దవలెను, అంకె తప్పిన దిద్దవలెను. పలుకుబడి వాని తల్లి యిచ్చినది.

నియమములు కొన్ని సూచింతుము. వారమునకొక సమావేశము చాలును. పదిమంది వక్తలు, ఒక్కొక్కరికి ఐదు నిమిషములు, విమర్శకునకు రెండు నిమిషములు. మొత్తము డెబ్బది నిమిషములు. శాలువలు, పూలదండలు, ముఖ్య అతిథులు వలదు. అధ్యక్షస్థానము ప్రతివారమును మాఱవలెను. నెలకొకసారి ప్రతి సభ్యుడును తన యభిప్రాయమునకు విరుద్ధమైన పక్షమున వాదింపవలెను. షిఫ్టులలో పనిచేయు రేవు, ఉక్కు కార్మికులకు అనువుగ వేళలను మార్చుచుండవలెను. స్త్రీలు రాగలవేళ ఏదో వారినే యడిగి నిర్ణయింపవలెను. చందా టీఖర్చునకు మించరాదు.

ఏదో యొక పార్టీ దీనిని చేజిక్కించుకొనునని కొందఱకు భయము. మాఱుచుండు అధ్యక్షతయు, ఎదురుపక్షమున వాదింపవలెనను నియమమును దానికి విరుగుడు. వాక్చాతుర్యము మోసగాండ్రను పెంచునని మఱికొందఱ శంక. మోసగాండ్రు ఏ సమాజమునందును చేరకయే ఆ విద్యను నేర్చియున్నారు. వారిని ‘ఆధారమేమి?’ అని నిలదీయగల శ్రోతలను పెంచుటయే సమాజముయొక్క ప్రధానప్రయోజనము. స్వయముగ వాదము కట్టుట నేర్చినవానికి ఇతరుని వాదములోని బొల్లు వెంటనే కనబడును.

దీనికి భవనములు వలదు, లక్షలు వలదు. ఒక గ్రంథాలయపు గది, ఒక గడియారము, ఇరువదిమంది మనుష్యులు చాలును. గ్రంథాలయాధికారులు సాయంకాలము ఒక గది నీయవలెను. కళాశాలల ఉపాధ్యాయులు విమర్శకులుగ రావలెను. కార్మికసంఘములవారు తమలోని యువకులను పంపవలెను. రేపు ఈ యూరి భూమిని గూర్చియో, నీటిని గూర్చియో, కర్మాగారమును గూర్చియో అధికారులు సభ పెట్టి ‘మీరేమందురు?’ అని యడిగినప్పుడు, విశాఖవాడు ప్రక్కవాని ముఖము చూడక తానే లేచి నిలుచునట్లు చేయుట మన చేతిలోనిపని. ఆ పనికి ముందుకు వచ్చువారెవరు?