అగ్రరాజ్యముల వైరము – మన యెరువు బస్తా

అణ్వస్త్రములు గల అగ్రరాజ్యములు తమలోఁ దాము నేరుగఁ దలపడవు. తలపడిన నుభయులకును నాశమే యని యెఱుఁగుదురు. కావుననే వారి వైరము పరుల గడ్డమీఁదఁ దెగుచున్నది. 1971 డిసెంబరులో విశాఖపట్టణము చెంత మునిఁగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ అమెరికావారు కౌలున కిచ్చినదే. ఆ నెలలోనే వారి అణుశక్తి నౌక ఎంటర్‌ప్రైజు బంగాళాఖాతమునకు రాఁగా, వెంబడి సోవియటు నౌకలును వచ్చెను.

మార్కాపురము, గిద్దలూరు మెట్టరైతునకు సముద్రము దూరమే. అయినను 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తఁగా, ఆ పోరు సొసైటీ గుమ్మము దాఁక వచ్చెను. ఆ యేడు డి.ఏ.పి. బస్తా 1,200 రూపాయలనుండి 1,350 అయ్యెను. పొటాషు 1,700 దాఁకెను. ఇతర కారణములును గలవు గాని, పొటాషునకు మన దేశము పూర్తిగా దిగుమతిపై నాధారపడినది. అమ్మువారిలో రష్యా, బెలారసు ముఖ్యులు. యూరియా ధర పెరుగలేదు నిజమే; ఆ భారము ఖజానా మోసినది, అనఁగా మనమే మోసితిమి.

యుద్ధమాపుట మన వశము గాదు. తొలకరికి జనుము, జీలుగ చల్లుట, పెంటను ఎండనీయక గుంటలోఁ గప్పుట మన వశమే. మిరప వేయు సభ్యులు తమకుఁ గావలసిన బస్తాల లెక్కను వేసవిలోనే సంఘమునకుఁ దెలుపవలెను. నాట్లనాఁడు వచ్చి వరుసలో నిలిచి సంఘమును నిందించుట మాకు సమ్మతము గాదు.