మూసీ చెరువుల పూడిక: పరీక్షించనిదే పార వేయరాదు

చెరువుమట్టి చేనికి సత్తువ యనుట వానచెరువుల పట్ల నేటికిని సత్యమే. 2015లో మిషన్ కాకతీయ పూడికమట్టిని పొలములకు తోలుకొమ్మన్నప్పుడు నల్గొండ రైతు సంతసించుట సహజము. కాని మూసీ కత్వల కాలువలతో నిండు చెరువుల మట్టియు నట్టిదేనా?

జీడిమెట్ల కర్మాగారముల మురుగు కూకట్‌పల్లి నాలాగుండ హుస్సేన్‌సాగరమునకును, అటనుండి మూసీకిని చేరి, మన సీమకు దిగివచ్చినది. కాడ్మియము, సీసము వంటి లోహములు జిగటమట్టి నంటుకొని అడుగున నిద్రించును. త్రవ్వి గాలి సోకించితిమా, కొంత కరగి పైరున కెక్కును. సముద్రమున పారబోయు రేవుపూడికకే ముందుగా గుణదోషములు విచారింపవలెనని 1972 నాటి లండను ఒడంబడిక విధించినది. చేపకున్నపాటి రక్షణ రైతుకు లేదా?

సత్తువ చూచు పరీక్ష చాలదు. విషము చూచు పరీక్ష కావలెను. నిరూపణభారము త్రవ్వించు సర్కారుదే గాని రైతుది గాదు. పైపొర, లోపొర నమూనాలు తీసి, ఫలితమును పంచాయతీ గోడకు తెలుగున అంటింపుడు. ఖర్చందురా? చేనెల్ల చల్లిన లోహమును మరల ఏరు ఖర్చు ఎవరి పద్దున వ్రాయుదురు?