ఇనుము ఒక్కటే, గుణం వేరు

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం 500, 600 మెగావాట్ల యూనిట్లలో బొగ్గును మండించి కరెంటు తీస్తుంది. ఏ బొగ్గు కేంద్రపు బూడిదలోనైనా అయస్కాంతానికి అంటుకునే సూక్ష్మ గోళాలు కొన్ని ఉండటం పరిపాటి. బొగ్గులోని పైరైటు వంటి ఖనిజాల్లో ఉండే ఇనుము కొలిమి వేడికి ఆక్సిజన్‌తో కలిసి, కొంత మాగ్నటైట్‌గానూ కొంత హెమటైట్‌గానూ మారుతుంది; రెండూ ఇనుప ఆక్సైడ్లే అయినా మొదటిది అయస్కాంతానికి బలంగా అంటుకుంటుంది, రెండవది దాదాపు కదలదు.

ఈ తేడాకు మూలం ఇనుప అయాన్ల అమరికలో ఉంది. ఎలక్ట్రాన్ల భ్రమణం వల్ల ప్రతి అయాన్ ఒక చిన్న అయస్కాంతంగా ప్రవర్తిస్తుంది. ఇరుగుపొరుగు అయాన్లు నేరుగా కాక, మధ్యనున్న ఆక్సిజన్ ద్వారా ఒకదాని దిశను మరొకటి నిర్ణయిస్తాయి. హెమటైట్‌లో ఎదురెదురు దిశలు ఇంచుమించు పూర్తిగా రద్దయిపోతాయి. మాగ్నటైట్‌లో మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన అయాన్లు పరస్పరం రద్దయినా, రెండే కోల్పోయిన అయాన్ల బలం మిగిలిపోతుంది.

ఒకే ఒక్క లోహ పరమాణువును ఆక్సైడ్ ఉపరితలంపై నిలిపి చేసిన ప్రయోగాల్లో ఆక్సిజన్ పాత్ర మరింత స్పష్టంగా బయటపడింది. లోహాల మీద ఉంచిన పరమాణువుల అయస్కాంత గుణాన్ని ఆధార లోహపు సంచార ఎలక్ట్రాన్లు చెదరగొడతాయి. అందుకే పరిశోధకులు వెండిపై అతి పలుచని మెగ్నీషియం ఆక్సైడ్ పొరను పెంచి, దానిలోని ఆక్సిజన్ పరమాణువుపై కోబాల్ట్‌ను నిలిపారు. అయస్కాంత దిశ తారుమారు కాకుండా అడ్డుకునే శక్తిని అనైసోట్రోపీ అంటారు. ప్లాటినంపై ఒంటరి కోబాల్ట్ పరమాణువుకు 2003లో సుమారు 9 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులుగా కొలిచిన ఆ శక్తి, 2014లో ఈ ఆక్సైడ్‌పై దాదాపు 60కి చేరింది. 2017లో ఐబీఎం ప్రయోగశాలలో ఇదే ఆక్సైడ్‌పై ఉంచిన హోల్మియం పరమాణువుల్లో సమాచారాన్ని రాసి, తిరిగి చదవగలిగారు. అయితే అది అతిశీతల స్థితిలో మాత్రమే సాధ్యమైంది కనుక, రేపో మాపో ఫోన్లలోకి వస్తుందని ప్రచారం చేయడం తొందరపాటే.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఇనుప ఖనిజంపై వాదోపవాదాల్లో మాత్రం మాగ్నటైట్, హెమటైట్‌ల మధ్య ఉన్న ఈ తేడా అంతగా ప్రస్తావనకు రాదు. బయ్యారం అప్పట్లో ఉన్న ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం చెప్పింది మొదలు, చర్చ ఎక్కువగా ఇనుము శాతం చుట్టూనే తిరుగుతోంది. శాతం తక్కువైన మాగ్నటైట్‌ను మెత్తగా దంచి మామూలు అయస్కాంతాలతో వేరుచేయవచ్చు, కానీ అంతే శాతమున్న హెమటైట్‌కు తీవ్రమైన అయస్కాంత క్షేత్రమో ఖరీదైన వేరే శుద్ధి పద్ధతులో కావాలి. అందువల్ల నిక్షేపంలో ఏ ఆక్సైడ్ ఎంత ఉందో తేలకుండా, లాభనష్టాల లెక్క ఇటు అనుకూలురు వేసినా అటు వ్యతిరేకులు వేసినా అసంపూర్ణమే.