ఆ నూడుల్స్ ఒక్క ప్లేటేనా?

మొన్న రాత్రి లేత సొరకాయను పీలర్‌తో పొడుగ్గా గీసి, నూడుల్స్ మాదిరి తాలింపు వేసి మా పాప ముందు పెట్టాను. పక్కనే మా ఆయన, మా వాడు, మా అత్త వేడివేడి అన్నం, పప్పు, ఉర్లగడ్డ వేపుడు తింటున్నారు. అత్త ఆ ప్లేటు వైపు చూసి, "ఏందిమ్మే ఇవి, వానపాముల మాదిరుండాయి" అనింది. మా వాడు పడీపడీ నవ్వాడు. పాప కూడా నవ్వింది. నాలుగు ముద్దలు తిని, చాలని లేచిపోయింది.

రాత్రి పదకొండు గంటలకు వంటింట్లో చప్పుడైతే పోయి చూశాను. లైటు కూడా వేసుకోకుండా, నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నం వట్టిదే తింటోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

తన ఇంట్లో తన అన్నం దొంగలా తినాల్సి వచ్చింది నా బిడ్డకు. ఆ దొంగతనం నేర్పింది నేనే.

పాపకు పంతొమ్మిదేళ్లు. పీసీఓడీ అని డాక్టరమ్మ చెప్పి ఆరు నెలలయింది. ఈ మాట వినని ఇల్లు ఇప్పుడు బద్వేల్లో ఏ వీధిలోనూ ఉన్నట్టు లేదు. డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: చాలామందిలో ఒళ్లు ఇన్సులిన్ మాట సరిగా వినదు. వినడం లేదని ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారవుతుంది. అది ఎక్కువైతే అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా వదులుతాయి. దాంతో నెలసరి తప్పుతుంది, మొటిమలొస్తాయి, గడ్డం మీద వెంట్రుకలొస్తాయి. సన్నగా ఉన్న పిల్లలకూ వస్తుంది. కాబట్టి అన్నం తగ్గించి కూరగాయలు పెంచమనడంలో తప్పేమీ లేదు. వంద గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటే, అంతే సొరకాయలో నాలుగు గ్రాములు కూడా దాటదు. నా కోపం సొరకాయ మీద కాదు.

నా కోపం ఆ ఒక్క ప్లేటు మీద.

మా అత్తకు పదేళ్లుగా షుగర్. మా ఆయనకు షుగర్ అంచుల్లో ఉందని పోయిన ఏడాదే తేలింది. ఇన్సులిన్ మాట వినని ఒళ్లు కుటుంబాల్లో వస్తుందని డాక్టర్లే చెప్తారు. మరి పాపకు వచ్చింది ఎక్కడ నుంచి? ఒకే ఇంటి జబ్బు ముగ్గురికి ఉంటే, పథ్యం మాత్రం చిన్నదానికి! ఆయన షుగర్‌కు "పాపం, టెన్షన్లు" అంటారు. పాప పీసీఓడీకి "నోరు కట్టుకోదు" అంటారు. ఆయన పొట్ట గురించి ఎవరూ మాట్లాడరు. పాప నడుము గురించి మాత్రం పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా ప్రతి చుట్టమూ డాక్టరే. "పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే" అని ఒకరు, "ఇట్లుంటే ఎవరు చేసుకుంటారు" అని ఇంకొకరు. పెళ్లి ఈ జబ్బుకు మందు కాదమ్మా. జబ్బు పెళ్లికి పనికిరాకపోవడమూ కాదు.

నేను బీఏలో చదివింది తెలుగు. పథ్యం అనే మాట పథం నుంచి వచ్చింది, దారికి తగినది అని. ఆ దారిలో ఇంటిల్లిపాదీ నడవాల్సింది పోయి, పిల్లను ఒక్కదాన్నే నడవమని గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాం.

మా జేజి కాలంలో వేరే ప్లేటు ఉండేది కాదు. ఈ మెట్ట భూముల్లో పండింది కొర్రలు, సజ్జలు, జొన్నలు, రాగులు. సంగటి కెలికితే అందరికీ అదే ముద్ద, అదే ఊరిమిండి. వరి అన్నం పండక్కు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని నేను తిట్టను. కానీ రోజూ మూడు పూటలా తెల్లన్నమే కూడు అనే అలవాటు మనకు పాతది కాదని గుర్తుంచుకోవాలి. ఇప్పుడు అవే కొర్రలు రోగి కోసమని ప్యాకెట్లో తిరిగొచ్చాయి. ఇంకో మాట, రాగిలో పీచు, కాల్షియం ఎక్కువే గానీ పిండిపదార్థం తక్కువేం కాదు. ముద్ద పెద్దదైతే అదీ అన్నమే.

ఇక ఫోన్లో వీడియోలు. ఇది తింటే ఇరవై రోజుల్లో పీసీఓడీ మాయం అంటారు. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఫలానా ఆహార పద్ధతే మిగతావాటికన్నా మేలని చెప్పే ఆధారం లేదనీ, ఎక్కువ కాలం పాటించగలిగేదే మంచిదనీ అంటున్నాయి. అందరూ అన్నం తింటుంటే పక్కన కూర్చుని ఒక్కతే సొరకాయ దారాలు ఎన్నాళ్లు తింటుంది? మీరైతే ఎన్నాళ్లు తింటారు?

"మగవాళ్లు కష్టపడతారు, వాళ్లకు అన్నం లేకుంటే ఎట్లా" అంటారు. అన్నం తీసేయమని ఎవరన్నారు? గిన్నె చిన్నది చేయమంటున్నా. ఎదిగే పిల్లోడు ఒక గరిటె ఎక్కువ వేసుకుంటాడు, అంతే. కూర అందరికీ ఒకటే ఉండాలి.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రికి ఒకటే వంట. రెండు లేత సొరకాయలు, రెండు క్యారెట్లు గీస్తాను. గింజల దూది తీసేస్తాను. ఉప్పు చల్లి పది నిమిషాలుంచి నీళ్లు పిండేస్తాను, లేకుంటే పులుసవుతుంది. శెనక్కాయ నూనెలో తెల్లగడ్డ, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ వేగినాక పెద్ద మంట మీద మూడు నిమిషాలు, అంతే. పైన శెనక్కాయ పొడి, నిమ్మరసం. పక్కన గుడ్లో, ఉడికించిన అలసందలో తప్పనిసరి, లేకుంటే గంటకే ఆకలేస్తుంది. మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడిగే మార్చుకోండి. గీసే పని మా వాడిది. నవ్విన పాపానికి.

మొదటి రోజు మా అత్త "ఉప్పు చాల్లేదు" అని, రెండోసారి వడ్డించుకుంది. పాప నెలసరి ఇంకా దారికి రాలేదు. వస్తుందని మాట కూడా ఇవ్వను. కానీ రాత్రి పదకొండుకు వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

అమ్మలారా, ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరి ప్లేటన్నా వేరేగా ఉందేమో చూడండి. ఉంటే, ఆ ప్లేటులో ఉన్నదే అందరికీ వడ్డించండి. ముందు మీ ఆయనకు.