పాత ట్రాక్టరుకు కొత్త టైర్లు: బేరమా, భారమా?

ధాన్యం బజారులో పుట్టికి పది రూపాయలు కదిలితే మన వర్తకులకు గంటలో తెలిసిపోతుంది. ఆ ధాన్యాన్ని కళ్ళం నుంచి మిల్లుకు చేర్చే ట్రాక్టరు టైరు ధర ఎంత కదిలింది, ఎందుకు కదిలింది అని విచారించేవారు తక్కువ. అది టైర్ల కొట్టువారి వ్యవహారమని మనం ఊరుకుంటాం. కాని నెల్లూరు కోస్తాలో టైరు బిల్లు తిరిగి తిరిగి వచ్చి పడేది ధాన్యం వర్తకుని పద్దులోనే. రైతు సీజనుకు ముందు అడ్వాన్సు పుచ్చుకొనేది మన దగ్గర. అందులో ఎరువుకు పోయినంత పోగా, టైర్లకు పోయేది కొంత ఉంటుంది. కనుక ఈ విషయం ఈ పేజీలో చర్చించడం అసందర్భం కాదు.

కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు ప్రాంతాల్లో ఇరవై, ముప్పయి ఏళ్ళ నాటి ట్రాక్టర్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నవి. మాస్సే 1035, మహీంద్రా 275 వంటి బండ్లు ఇంజను ఒకటికి రెండుసార్లు విప్పించుకొని కూడా దుక్కికీ బాడుగకూ వెళుతున్నవి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది. అయినా ఆ బండ్లు కనుమరుగు కాలేదు. కొత్త ట్రాక్టరు కొనాలంటే లక్షల మాట. అందుచేత పాత బండికి టైర్లు మార్చి మరికొన్నేళ్ళు నడుపుదామని రైతు అనుకోవడంలో తప్పులేదు. ఏ టైరు కొనాలి, ఎంత పెట్టాలి, ఎవరి డబ్బుతో కొనాలి అన్నవే ప్రశ్నలు.

రెండు పుట్ల ధాన్యం

ముందుగా పన్ను సంగతి. ట్రాక్టరు టైర్లు, ట్యూబుల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినది. లెక్కకోసం పన్ను కాక ఇరవై వేల రూపాయల ధర గల వెనుక టైరు ఒకటి తీసుకుందాం. పాత పన్నుతో దాని ధర 23,600 రూపాయలు. కొత్త పన్నుతో 21,000. టైరుకు 2,600, జతకు 5,200 రూపాయల తగ్గుదల. రైతు జి.ఎస్.టి. ఖాతాదారు కాడు, కట్టిన పన్నును దేనికీ చెల్లు వేసుకోలేడు. కాబట్టి తగ్గిన ప్రతి రూపాయీ అతనికి నికరంగా మిగలవలసినదే.

దీనిని ధాన్యంలో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 2025-26 సీజనుకు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. మన పుట్టి 850 కిలోలు కనుక పుట్టికి 20,306 రూపాయల పైచిలుకు. పాత పన్నుతో టైర్ల జత కొనడానికి రెండు పుట్లకు పైన మరో 276 కిలోలు అమ్మవలసి ఉండేది. కొత్త పన్నుతో రెండు పుట్లకు పైన 58 కిలోలు చాలు. మద్దతు ధర చేతికి అందితేనే సుమా. అందని ఏడాది రైతు పరిస్థితి కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

ఇక అసలు మాట. ఈ టైర్లను నగదుకు కొనే రైతులు ఎందరు? 42,000 రూపాయల జతను అరువు మీద తీసుకొని, నూటికి రెండు రూపాయల వడ్డీతో ఆరు నెలలకు తీర్చితే వడ్డీయే 5,040 రూపాయలు. ప్రభుత్వం వదులుకొన్న పన్ను 5,200. అంటే ఢిల్లీలో తగ్గినది మన పద్దుల్లో తిరిగి ఎక్కిపోయింది. రైతుకు మిగిలినది 160 రూపాయలు. ఈ లెక్క వర్తకులకు కష్టంగా తోచవచ్చు. కాని లెక్క లెక్కే.

కొందరు కొట్టువారు "ఇది పాత పన్ను కట్టి తెచ్చిన సరుకు" అని పాత ధరే చెప్పవచ్చు. ఈ వాదన చెల్లదు. అమ్మిన రోజున ఏ రేటు అమలులో ఉంటే ఆ రేటే వర్తిస్తుంది. కొనుగోలులో కట్టిన ఎక్కువ పన్ను కొట్టువారి ఖాతాలో జమగా ఉంటుంది. తరువాతి అమ్మకాల పన్నుకు చెల్లు వేసుకోవచ్చు. డబ్బు కొంతకాలం ఇరుక్కుపోతుందన్న మాట నిజమే. ఆ ఇబ్బందిని రైతు నెత్తిన రుద్దడం మాత్రం న్యాయం కాదు.

ముడి రబ్బరు ధర సాకు మరొకటి. కొట్టాయం బజారులో ఆర్.ఎస్.ఎస్.-4 రకం 2011 ఏప్రిలులో కిలో 243 రూపాయల రికార్డు స్థాయికి చేరింది. 2024 ఆగస్టులో దానినీ దాటి, తరువాత దిగింది. టైరులో రబ్బరుతో పాటు నైలాన్ దారం, కార్బన్ బ్లాక్, కృత్రిమ రబ్బరు ఉంటాయి. వాటికి ముడి చమురుతో సంబంధం. కనుక ధర ఎందుకు పెరిగిందో చెప్పడానికి కారణాలకు ఎప్పుడూ కొదవ లేదు. రబ్బరు దిగినప్పుడు టైరు ఎంత దిగిందని అడిగేవారికే కొదవ.

కొలత, తేదీ చూడనిదే బేరం వద్దు

పాత ట్రాక్టరు యజమానికి ఒక అదృష్టం ఉన్నది. ఈ తరగతి బండ్ల టైర్ల కొలతలు కంపెనీకొకటిగా లేవు. ముందు చక్రాలకు 6.00-16, వెనుక చక్రాలకు 12.4-28 లేదా 13.6-28 సాధారణం. మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలో. పాత టైర్ల మీద 11-28 అని ఉంటే అది నేటి 12.4-28, 12-28 అని ఉంటే 13.6-28. బండి తయారీ ఆగిపోయినా టైరు దొరుకుతుంది. ఎం.ఆర్.ఎఫ్., అపోలో, సియట్, జె.కె., గుడ్ఇయర్, బి.కె.టి. మొదలైన కంపెనీల సరుకు బజారులో ఉన్నది. పోటీ ఉన్న చోట బేరానికి చోటు ఉంటుంది.

వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందని 12.4 స్థానంలో 13.6 అడిగేవారు ఉన్నారు. రిమ్ము వెడల్పు దానికి సరిపోవాలి. మడ్‌గార్డుకు తగలకుండా ఖాళీ ఉండాలి. ఇవి చూడకుండా మార్చితే టైరూ పోతుంది, డబ్బూ పోతుంది.

రెండవది తయారీ తేదీ. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3224 అంటే 2024వ సంవత్సరం 32వ వారంలో తయారైన టైరని అర్థం. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ తగిలే చోట ఇంకా త్వరగా పగుళ్ళు తీస్తుంది. కొంతకాలం క్రితం మేము స్వయంగా "తగ్గింపు ధర" అన్న మాటకు లొంగి ఒక జత కొన్నాము. బిగించిన తరువాత చూస్తే నాలుగేళ్ళ కిందటి సరుకు. రెండవ వేసవికే పక్కగోడలు నెర్రెలు విచ్చినవి. కొట్టువారిని అనవలసింది కొంత ఉన్నా, అంకెలు చదవని తప్పు మాదే. వడ్లలో తేమ చూడకుండా కొనని మనం, టైరు తేదీ చూడకుండా కొనడమేమిటి?

మూడవది, వెనుక టైర్లు జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే రెండు చక్రాల చుట్టుకొలత తేడా పడి బండి ఒక పక్కకు లాగుతుంది. రోడ్డు మీద నడిచినంతసేపూ డిఫరెన్షియల్ మీద పని పడుతుంది. ఒక టైరు మిగుల్చుకోబోయి గేరుపెట్టె విప్పించుకొనే అవస్థ వస్తుంది.

అరిగేది మడిలోనా, రోడ్డు మీదనా?

మన కోస్తా సంగతి వేరు. పెన్నా డెల్టా మడుల్లో దమ్ము చేసేటప్పుడు ఇనుప దమ్ము చక్రాలు వాడుతారు. పూర్తి చక్రాలు వేసినచోట రబ్బరు టైర్లు విప్పి పక్కన పెడతారు. అంటే బురద పని ఇనుముది. టైరు అరిగేది ఎక్కువగా తారు రోడ్డు మీద: ధాన్యం మిల్లుకు, ఎరువు ఊరికి, మేత రొయ్యల చెరువుకు తోలేటప్పుడు. అలాంటి బండికి లోతైన పళ్ళున్న బురద టైరు వేస్తే తారు మీద వేడెక్కి పళ్ళు త్వరగా అరిగిపోతాయి. బాడుగ పని ఎక్కువైతే రోడ్డుకు తగిన పళ్ళ రకం అడిగి తీసుకోవాలి. దుక్కి, రోటావేటరు పని ఎక్కువైతే లోతు పళ్ళ రకమే మేలు. విప్పిన టైర్లను గట్టు మీద ఎండకు వదలక నీడన పెట్టడానికి ఖర్చేమీ లేదు.

మైపాడు వైపు, విడవలూరు వైపు ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండ్లకు టైరుకంటే ముందు రిమ్ము పోతుంది. తుప్పు పెచ్చులు లేచిన రిమ్ము మీద కొత్త టైరు బిగిస్తే ట్యూబు కోసుకుపోతుంది. తుప్పు గీకించి రంగు వేయించి, అవసరమైతే రిమ్ము మార్చి, ఆ తరువాతే టైరు బిగించాలి. బరువుకోసం వెనుక టైర్లలో నీళ్ళు నింపేవారు ఆ ప్రాంతంలో ఉప్పునీరు కాక మంచినీరే వాడడం క్షేమం.

రీబటన్ లెక్క

రీబటన్ టైరు అనగానే కొందరు ముఖం చిట్లిస్తారు. మరికొందరు అదే గతి అనుకుంటారు. రెండూ తొందరపాటే. పని గంటలను బట్టి లెక్క చూడాలి. లెక్కకోసం కొత్త జత 42,000 రూపాయలు, అది నాలుగు వేల గంటలు నడుస్తుందనుకుందాం: గంటకు పదిన్నర రూపాయలు. రీబటన్ జత 20,000 రూపాయలు, పదిహేను వందల గంటలు అనుకుందాం: గంటకు 13 రూపాయల 33 పైసలు. ఏడాది పొడుగునా బాడుగకు తిరిగే బండికి కొత్తదే చవక.

కాని సొంత పొలానికి మాత్రమే వాడి, ఏడాదికి 250 గంటలు నడిపే ఆసామి సంగతి వేరు. నాలుగు వేల గంటలు నడవాలంటే పదహారేళ్ళు కావాలి. అన్నేళ్ళు మన ఎండకు రబ్బరు నిలవదు. ఎనిమిదేళ్ళకే పగుళ్ళు వచ్చి మార్చవలసివస్తే రెండు వేల గంటలే దక్కినట్టు. గంటకు 21 రూపాయలు పడింది. అతని రీబటన్ జత ఆరేళ్ళు వస్తుంది, గంట ఖర్చు 13 రూపాయల 33 పైసలే. ఒకరికి చవకైనది మరొకరికి ప్రియం. పాత బండి ఇంకెన్నేళ్ళు నడుస్తుందన్నది కూడా ఇందులో కలుపుకోవాలి. బండి నాలుగేళ్ళలో అమ్మేదైతే పదేళ్ళ టైరు దేనికి?

ఒక నియమం మాత్రం తప్పరాదు. పక్కగోడలు పగలని, దారం బయటపడని, అంచు చెడని టైరునే రీబటన్‌కు ఇవ్వాలి. ముందు చక్రాలకు రీబటన్ వద్దనే మా సలహా. స్టీరింగు చక్రం రోడ్డు మీద పేలితే మనిషికే ముప్పు. ట్రాలీకి పాత లారీ టైర్లు వేసే ఆనవాయితీ ఉన్నది. పక్కగోడలు గట్టిగా ఉంటే ఫరవాలేదు; బస్తాలు మితిమీరి వేస్తే ఏ టైరూ నిలవదు. ఇకపోతే రీబటన్ టైర్ల పన్ను 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినది. కొత్త ట్రాక్టరు టైరు 5 శాతానికి వచ్చినందున, రీబటన్‌కు మునుపున్న ధర అనుకూలం కొంత తగ్గినట్టే. పాత అలవాటు చొప్పున కాక కొత్త ధరలు రెండూ పక్కపక్కన పెట్టి చూడడం అవసరం.

వర్తకులు చేయదగినది

అడ్వాన్సు ఇవ్వడం మన వ్యాపారంలో భాగమే. దానిని మానమని ఎవరూ అనడం లేదు. టైర్లకోసం ఇచ్చే సొమ్మును మిగతా అడ్వాన్సుతో కలపక విడిగా రాయాలి. ధాన్యం దిగుమతైన రోజునే దానిని మొదట చెల్లు వేయాలి. వడ్డీ కాలం ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గితే జతకు 2,520 రూపాయలు రైతుకు మిగులుతుంది. ఒకే ఊరి రైతులు నలుగురైదుగురికి కలిపి టోకున నగదుకు టైర్లు కొనిపెట్టే కమీషన్ వర్తకుడు, కొట్టువారి దగ్గర ధర తగ్గించగలడు, తన సొమ్మూ త్వరగా రాబట్టుకోగలడు. బిల్లు రైతు పేరిట ఉండాలి. అందులో కొలత, పన్ను, టైరు నంబరు ఉండాలి. గ్యారంటీ అడిగిన రోజున ఆ కాగితమే సాక్షి.

దీనిలో ధర్మం ఎంత ఉన్నదో వ్యాపారమూ అంతే ఉన్నది. కోతల నాడు, మబ్బు పట్టిన వేళ, అరిగిన టైరు పేలి ట్రాక్టరు దారిలో ఆగిపోతే కళ్ళంలో తడిసేది రైతు ధాన్యమే కావచ్చు. కాని ఆ ధాన్యం మీద అడ్వాన్సు ఇచ్చినది మనం. తేమ ఎక్కి రంగు మారిన వడ్లకు మిల్లువారు కోసే కోత చివరకు ఇద్దరి పద్దులోనూ పడుతుంది. రైతు బండి నడిస్తేనే మన కాటా కదులుతుంది.