ఇంకా ఇక్కడేనా?

సంక్రాంతి దగ్గరపడుతోంది. ఇంకొన్నాళ్ళలో కోనసీమ ఊళ్ళు నిండిపోతాయి. హైదరాబాదు, బెంగళూరు, కువైట్, అమెరికా... ఎక్కడెక్కడి వాళ్ళూ వస్తారు. ఆ సందట్లోనే ఎవరో ఒకరు ప్రేమగా భుజం మీద చెయ్యేసి అడుగుతారు: "ఏరా, ఇంకా ఇక్కడేనా?"

అడిగినవాళ్ళకి అదొక పలకరింపు. ఊళ్ళో ఉండిపోయినవాడికి మాత్రం కనుమ వెళ్ళాక కూడా చెవిలో మోగుతూనే ఉంటుంది. నాకూ మోగింది. నేను రాసింది అచ్చయ్యాక కూడా ఇది సరిపోతుందా, అసలు నాకు చేతనవునా అని రాత్రిళ్ళు లోపల పీకుతూ ఉంటుంది. అమలాపురంలో దుకాణం నడిపేవాళ్ళతో, రాజోలులో ట్యూషన్లు చెప్పేవాళ్ళతో, కొత్తపేట వైపు కౌలుకి చేసే రైతులతో మాట్లాడుతుంటే వాళ్ళ మాటల్లోనూ ఇదే శంక వినిపిస్తుంది. ఎవరికి వాళ్ళు ఆ శంక తమ ఒక్కరిదే అనుకుంటున్నారు.

అది ఒక్కరిది కాదని తెలియాలంటే 2011 ఖరీఫ్ గుర్తు చేసుకోండి. ఆ ఏడాది కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. గోదావరి కాలువలు పారే నేలని బీడు పెట్టడమంటే మామూలు మాటా? అంతకుముందు నష్టం వచ్చినప్పుడల్లా రైతు తనని తానే నిందించుకునేవాడు. అదును తప్పిందేమో, ఎరువు చాల్లేదేమో, నాన్నకున్న చేతివాసి నాకు రాలేదేమో అని. నలుగురూ ఒకచోట కూర్చుని ఖర్చులు బయటపెడితే అందరి లెక్కా ఒక్కటే. కూలీ, ఎరువు ధరలు పెరిగాయి. మద్దతు ధర వాటిని అందుకోలేదు. మురుగు కాలువలు పూడిపోయి వానొస్తే చేలు మునిగాయి. ఇందులో ఏ ఒక్క రైతు చేతకానితనం ఎక్కడుంది? ఆ విరామంతో కష్టాలు తీరిపోయాయని నేననను, కౌలు రైతు బతుకు ఇవాళ్టికీ గట్టెక్కలేదు. కానీ ఒంటరిగా మోసిన అనుమానం నలుగురిలో విప్పితే సగం మనది కాదని తేలుతుంది. దాన్ని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఊళ్ళో దొరికే చిన్న సంతోషాల సంగతి. పెద్దది దక్కనివాడికి ఓదార్పుగా వీటిని చూపించడం నాకు నచ్చదు. పనసాకుల బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు వేడివేడిగా విప్పుకుని తినడం, ఈ చలిలో కాల్చిన తేగ చీల్చి లోపలి చందమామ కోసం పిల్లలు కొట్టుకోవడం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటుతుంటే మొహానికి తగిలే గాలి. ఇవి ఎవరికో తీసిపోయినవాళ్ళ ఆస్తి కాదు. అలాగని పంటు మీద గాలి ధాన్యానికి ధర తెచ్చిపెట్టదు. ధర కోసం అడగాల్సిందే, గాలినీ అనుభవించాల్సిందే.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైన సంతోషం పని తెలిసిన చేతుల్ని చూడడం. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళ దగ్గర కాసేపు నిలబడండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. జారుగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, చెయ్యి ఆగితే చిరుగుతుంది. నేర్చుకునే రోజుల్లో అందరికీ చిరుగుతుంది. ఆ లాగు లాగేటప్పుడు నాకు చేతనవునా అని ఆలోచించే తీరిక ఉండదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు లేని రోజుల్లోనూ రేకు ఇంతే పల్చగా వచ్చేది.

పండగలోనూ పని తెలిసిన చేతులే. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే తీర్థానికి వెదురుతో కట్టిన ప్రభలు భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగి దాటుతుంటే ఒడ్డున జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ప్రభ పచ్చటి చేలో నుంచి వెళ్ళినా ఆ చేను రైతు అడ్డు చెప్పడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. దూరాల నుంచి వచ్చినవాళ్ళు ఫోన్లు ఎత్తి తీసుకునే ఆ వీడియోల్లో ప్రభ కింద భుజం పెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళో ఉండిపోయినవాళ్ళే. వెదురు తెచ్చి, కట్టి, గుడ్డలు చుట్టి అలంకరించిందీ వాళ్ళే. వాళ్ళు లేకపోతే మీరొచ్చి చూడ్డానికి పండగ మిగిలేది కాదు.

అందుకే ఈసారి ఊరికొచ్చే అన్నయ్యలకీ, అక్కలకీ ఒక మనవి. "ఇంకా ఇక్కడేనా?" అనకండి. పని ఎలా సాగుతోందో అడగండి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. ఇక్కడున్నవాళ్ళూ "ఏదోలెండి" అని తల దించుకోకండి. మీరు చేసే పని గురించి వివరంగా చెప్పండి.